వెనక సీటులో భూలక్ష్మి

విమానం అనగానే మీ కళ్ళ ముందు మెదిలేది నేను కాదు. వందలమందిని కడుపులో పెట్టుకుని మబ్బుల పైన పోయేవి వేరే ఉన్నాయి. నేను ఒక బుల్లి విమానాన్ని. ముందొకరు, వెనకొకరు కూచుంటే నిండిపోతాను. ఇనప గొట్టాల చట్రం, దాని మీద బిగించి కుట్టిన గుడ్డ, గుడ్డ మీద ఘాటు వాసన కొట్టే వార్నీషు, ఆ పైన పసుపు రంగు. ఇదీ నా ఒళ్ళు. ఒకప్పుడు ముక్కుకి చెక్క పంకా ఉండేది. ఇప్పుడు పంకా లేదు, ఇంజనూ లేదు. కోనరేవు ఊళ్ళో పిల్లల విజ్ఞాన కేంద్రం వరండాలో, రేకుల కప్పు కింద, చుట్టూ తాడు కట్టించుకుని నిలబడి ఉన్నాను. సెలవుల్లో పిల్లలు వస్తారు. నా రెక్క మీద వేలితో కొట్టి చూసి, "ఒరే, ఇది గుడ్డరా!" అని విరగబడి నవ్వుతారు. గుడ్డే మరి. ఆ గుడ్డతోనే తుఫాను వెనకాల సముద్రం మీదికి వెళ్ళాను.

నన్ను బెంగుళూరులో తయారుచేశారు. సముద్రం ఎలా ఉంటుందో ఎన్నడూ చూడని ఇద్దరు ఆడవాళ్ళు నా రెక్కలకు గుడ్డ కుట్టారు. కుడుతున్నంత సేపూ అత్తగార్ల గురించి మాట్లాడుకున్నారు. నేను మొదట విన్న మనుషుల మాటలు అవే. అక్కణ్ణించి నన్ను ఒక పెద్ద పట్నంలోని ఫ్లయింగ్ క్లబ్బుకి పంపారు. అక్కడికి కలిగినవాళ్ళ అబ్బాయిలు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వచ్చేవాళ్ళు. ఎగిరినవాళ్ళ కంటే నా రెక్కకు ఆనుకుని ఫొటో తీయించుకున్నవాళ్ళే ఎక్కువ. ఆ ఫొటోలు ఎన్ని పెళ్ళిసంబంధాలకు పనికొచ్చాయో నాకు తెలియదు. తర్వాత కొత్త విమానాలు వచ్చాయి. నన్ను షెడ్డులో ఒక మూలకు నెట్టారు. పావురాలు నా తోకలో గూడు పెట్టాయి.

అక్కణ్ణించి నన్ను విడిపించినవాడు ఒక పళ్ళ డాక్టరు. పేరు హయగ్రీవరావు. కోనరేవులో వారమంతా జనం పళ్ళు పీకేవాడు, ఆదివారం వస్తే ఆకాశంలో ఉండాలనుకునేవాడు. ఆ ఊరి బయట యుద్ధకాలంలో తెల్లవాళ్ళు వేసి వదిలేసిన రన్‌వే ఒకటుంది. రైతులు దాని మీద మిరపకాయలు ఆరబోసుకునేవాళ్ళు. డాక్టరుగారూ, ఒక బట్టల కొట్టాయనా, హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేసే రహంతుల్లాగారూ, ఇంకొంతమందీ కలిసి ఆ మిరపకాయలను ఒక పక్కకు జరిపించి, తాటాకుల షెడ్డు వేసి, కోనరేవు పౌర విమాన సేవాదళం అని బోర్డు పెట్టారు. జనం నోట అది గాలిదళం అయింది.

అందులో ఎవరికీ జీతం లేదు. వరదలొస్తే నా వెనక సీట్లో అన్నం పొట్లాలు నింపుకుని దీవుల్లాగా మిగిలిన ఊళ్ళ మీద పడేసి వచ్చేవాళ్ళం. పాముకాటు మందు కోసం గుంటూరు వెళ్ళి వచ్చేవాళ్ళం. ఆదివారం పొద్దున పిల్లలకు క్లాసులు. గాలి ఎటు నుంచి వీస్తుందో చెప్పడం, మబ్బుల్ని గుర్తుపట్టడం, విరిగిన చేతికి కట్టు కట్టడం, దారి తప్పినవాణ్ణి వెతకడం. బాగా నేర్చుకున్నవాళ్ళకు నాలో ఒక చుట్టు. దళంలో పెద్దలు అధ్యక్షుడెవరన్న దగ్గర ఏటా తగువు పడేవాళ్ళు, నెలల తరబడి మాట్లాడుకునేవాళ్ళు కాదు. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు మాత్రం అధ్యక్షుడెవరో ఎవరికీ గుర్తుండేది కాదు.

ఆ క్లాసులకు పాతగట్టు నుంచి ఒక పిల్ల వచ్చేది. పాతగట్టు సముద్రం ఒడ్డున ఉన్న బెస్తపల్లె. పిల్ల పేరు భూలక్ష్మి. పదో తరగతి చదివేది. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి నాంచారమ్మ బస్టాండు దగ్గర ఎండుచేపలు అమ్మేది. అన్న ఏడుకొండలు వేటకు వెళ్ళేవాడు. ఆడపిల్ల విమానాల దగ్గరికి పోవడమేమిటని తల్లి మొదట్లో గోల చేసింది. ఏడుకొండలే చెల్లెల్ని సైకిలు మీద ఎక్కించుకుని రన్‌వే దాకా తెచ్చి దింపేవాడు.

"మా పల్లెలో ఆడోళ్ళని పడవెక్కనియ్యరు మాస్టారూ," అన్నాడు ఒకసారి రహంతుల్లాగారితో నవ్వుతూ. "గాల్లోకి పోకూడదని మాత్రం ఎవరూ అన్లా. అందుకే తీసకొచ్చా."

దళం వార్షికోత్సవం నాడు డాక్టరుగారు ఏడుకొండల్ని నా వెనక సీట్లో కూచోబెట్టి ఒక చుట్టు తిప్పారు. ఇంటంత అలల మీద నిలబడి వల లాగేవాడు, నేల వదలగానే నా సీటు కింది గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. దిగేదాకా తెరవలేదు. దిగాక చెల్లెలు అడిగితే, "సముద్రం ఎంత బాగుందే పైనించి!" అన్నాడు. నేను ఎవరికీ చెప్పలేదు.

భూలక్ష్మికి చూపు ఎక్కువ. చిన్నప్పటి నుంచి గట్టు మీద కూచుని తిరిగొచ్చే పడవల కోసం చూసిన కళ్ళు. ఇంటర్మీడియట్ అయ్యేసరికి డాక్టరుగారు ఆ పిల్లను వెతుకులాటలకు వెనక సీట్లో కూచోబెట్టుకోవడం మొదలుపెట్టారు. నా ఇంజను మోతలో మాట వినబడదు. అందుకని వాళ్ళకో పద్ధతి ఉండేది. వెనకవాళ్ళకు ఎడమ పక్క ఏమైనా కనబడితే ముందున్నవాళ్ళ ఎడమ భుజం తట్టాలి. కుడి పక్క అయితే కుడి భుజం. తట్టిన వైపుకు డాక్టరుగారు నన్ను తిప్పేవారు. అంతే, మారు మాట లేదు. పొలాల్లో తప్పిపోయిన ముసలాయన్నీ, వరదలో చెట్టెక్కిన మనుషుల్నీ భూలక్ష్మి అలాగే చూపించింది.

రహంతుల్లా మాస్టారు క్లాసులో చెప్పే పాఠాల్లో ఒకటి నాకు ఇప్పటికీ వినబడుతుంది. నా నీడలోనే చెప్పేవారాయన. "ప్రమాదం జరిగిన చోటికి వెళ్ళారనుకోండి. ఒకడు అరుస్తుంటాడు, చేతులు ఊపుతుంటాడు. మీ కాళ్ళు వాడి వైపే లాగుతాయి. పోవద్దు. అరిచేవాడికి ఇంకా ఊపిరుంది, వాడు కాసేపు ఆగగలడు. అరవలేనివాడెవడో చూడండి. ముందు వాడి దగ్గరికి పోండి." పిల్లలందరూ తలలు ఊపేవాళ్ళు. భూలక్ష్మీ ఊపింది.

ఆ ఏడు కార్తీకమాసంలో వచ్చింది తుఫాను. హెచ్చరిక అందేసరికే కొన్ని పడవలు లోపలికి వెళ్ళిపోయాయి. ఏడుకొండలు కూడా వెళ్ళాడు. రోజూ తోడొచ్చేవాడికి జ్వరం. దగ్గర్లోనే వల వేసి వచ్చేస్తానని ఒక్కడే వెళ్ళాడు. రాత్రంతా గాలి. షెడ్డు తాటాకులు లేచిపోయాయి. నన్ను నేలలో దిగ్గొట్టిన మేకులకు తాళ్ళతో కట్టి, రెక్కల మీద ఇసకబస్తాలు వేసి, దళంవాళ్ళు తలా ఒక తాడు పట్టుకుని వానలో నిలబడ్డారు. బట్టల కొట్టాయన అంతకు ముందు నెలే రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నా తోక తాడు పట్టుకున్నది ఆయనే.

పొద్దునకు గాలి తగ్గింది. పాతగట్టు పడవ ఒకటీ, నక్కలదిబ్బ పడవ ఒకటీ రాలేదని తెలిసింది. నక్కలదిబ్బ పక్కనున్న పల్లె. వలలు కోసుకున్నారని ఆ రెండు పల్లెలకూ ఎప్పట్నుంచో పడదు. ఒకళ్ళ నీళ్ళు ఒకళ్ళు తాగరు.

భూలక్ష్మి తడిసిన బట్టలతోనే వచ్చి నిలబడింది. డాక్టరుగారు వద్దన్నారు.

"నీ అన్న కోసం వెతకడానికి నువ్వు రాకూడదమ్మా. ఇంకెవరినైనా తీసుకెళ్తాను."

"ఇక్కడ కూచుని ఏం చెయ్యమంటారండీ?" అంది భూలక్ష్మి. "ఆ నీళ్ళల్లో నాకు కనబడినట్టు ఇంకొకళ్ళకి కనబడదు. మీకు తెలుసు గదా."

ఆయన వెనక సీటు తలుపు తీశారు. వెనక సీటు పక్కన రెండు లారీ ట్యూబులు గాలి కొట్టి కట్టారు. నీళ్ళ సీసాలు పెట్టారు. రేవు నుంచి ఒక లాంచీ బయలుదేరుతుందనీ, దాంట్లో వైర్‌లెస్ పనిచేయడం లేదనీ కబురొచ్చింది. నేను ఎక్కడ చుట్లు తిరుగుతుంటే అక్కడికి రావాలి. అదొక్కటే ఏర్పాటు.

ఇంజను వేశాక నాంచారమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆ రన్‌వే మీదికి ఆమె రావడం అదే మొదటిసారి. నా రెక్కకూ ఒంటికీ మధ్య ఉండే ఊతకడ్డీని రెండు చేతులా పట్టుకుంది. పంకా గాలికి జుట్టు ఊడిపోయి మొహం నిండా పరుచుకుంది.

"ఒసే భూలచ్చిమీ! నీ అన్నని తీసకరావే! ఆణ్ణి తీసకరా!"

భూలక్ష్మి తల ఊపింది. రహంతుల్లా మాస్టారు నాంచారమ్మ చేతులు మెల్లగా విడదీశారు.

తుఫాను వెళ్ళిన మర్నాటి సముద్రం నీలంగా ఉండదు. బురద కలిపిన చాయ్‌లాగా ఉంటుంది. దాని మీద విరిగిన కొమ్మలు, కొట్టుకుపోయిన గుడిసెల కప్పులు, చచ్చిన పశువులు. ప్రతిదీ పడవలాగానే కనబడుతుంది. చాలాసేపు తిరిగాం. ఒక చోట భూలక్ష్మి డాక్టరుగారి ఎడమ భుజం తట్టింది. నేను ఒరిగాను. కింద తలకిందులైన పడవ. దాని అడుగుభాగాన్ని పట్టుకుని ఏడుగురు మనుషులు. వాళ్ళలో ఎవరూ చెయ్యి ఊపలేదు. ఊపితే పట్టు జారుతుంది. ఒకడి తల ఇంకొకడి భుజం మీద వాలిపోయి ఉంది. వాడి చొక్కాను పక్కనున్నవాడు పళ్ళతో కరిచి పట్టుకున్నాడు.

నక్కలదిబ్బవాళ్ళు. పడవ రంగు చూసి భూలక్ష్మికి వెంటనే తెలిసి ఉంటుంది.

కిందికి దిగి ట్యూబులు వదిలాం. ఒకటి కొట్టుకుపోయింది, ఒకటి అందింది. తర్వాత వాళ్ళ మీద చుట్లు తిరగడం మొదలుపెట్టాం. లాంచీ దూరంగా అలల మధ్య లేస్తూ మునుగుతూ వస్తోంది. పల్లంలోకి దిగినప్పుడల్లా దానికి దిక్కు తెలియక ముక్కు పక్కకు తిరిగేది. మళ్ళీ నన్ను చూసి సర్దుకునేది. నేను అక్కణ్ణించి కదిలితే అది వాళ్ళను చేరదు. ఆ సంగతి డాక్టరుగారికి తెలుసు, భూలక్ష్మికి తెలుసు.

అట్లా తిరుగుతున్నప్పుడు మబ్బు చిరిగి కాస్త ఎండ పడింది. కుడివైపు చాలా దూరంలో, ఆ బురద నీళ్ళ మీద నీలంగా ఒక చుక్క.

ఏడుకొండలు ఆ వేసవిలోనే పడవకు నీలం రంగు వేసుకున్నాడు. తెరచాప కొయ్య విరిగి, సగం నీళ్ళతో నిండి, అంత గాలికి ఎలా నిలిచిందో గానీ నిలిచి ఉంది. దాంట్లో ఒక మనిషి లేచి నిలబడ్డాడు. తల గుడ్డ విప్పి ఊపుతున్నాడు.

నేను చూశాను. భూలక్ష్మి చూసింది. ముందు సీట్లో డాక్టరుగారు ఎడమ పక్కకు వంగి, కిందున్న ఏడుగుర్నీ లాంచీనీ చూసుకుంటున్నారు. ఆయన చూడలేదు.

భూలక్ష్మి కుడి చెయ్యి లేచింది. డాక్టరుగారి కుడి భుజం దాకా వచ్చింది. తడితే ఆయన తిప్పుతారు. తిప్పిన తర్వాత గానీ చూడరు. చూసిన తర్వాత, ఆ పడవలో ఉన్నది ఎవరో తెలిసిన తర్వాత, ఆయన మళ్ళీ వెనక్కి రాగలరా? ఆ చెయ్యి అక్కడే ఆగింది. నా రెండు సీట్ల మధ్య ఉన్న జానెడు ఖాళీలో ఆ చెయ్యి ఎంతసేపు నిలబడి ఉందో నాకు తెలియదు. నా జన్మలో అంత బరువు నేను మోయలేదు. తర్వాత ఆ పిల్ల చేతిని వెనక్కి తీసుకుని, వేళ్ళు నోట్లో పెట్టుకుని కరుచుకుంది. కళ్ళు మాత్రం కుడివైపు నుంచి తిప్పలేదు. వాడు నిలబడ్డాడు, ఊపుతున్నాడు, పడవ తేలుతోంది, ఆగగలడు. ఆగగలడనే అనుకుంది.

లాంచీ చేరింది. ఒక్కొక్కర్నీ పైకి లాగారు. ఏడో మనిషి తాడు అందుకున్నాడో లేదో భూలక్ష్మి డాక్టరుగారి కుడి భుజాన్ని తట్టింది. తట్టడం కాదు, పిడికిలితో కొట్టింది. నేను తిరిగాను. అప్పటికే దక్షిణం నుంచి వాన గోడలాగా వచ్చేసింది. ఆ వైపు నీళ్ళూ లేవు, ఆకాశమూ లేదు, అంతా ఒకటే బూడిద రంగు. డాక్టరుగారు నా పెట్రోలు ముల్లు చూపించారు. అది అడుగుకు దిగిపోయింది. వెనక్కి తిరిగి తల అడ్డంగా ఊపారు. ఇంకా వెతుకుదామని ఆ పిల్ల ఆరాటపడుతోందనుకున్నారు పాపం.

నేల మీద దిగి ఇంజను ఆపగానే భూలక్ష్మి చెప్పింది. "మా అన్న పడవ కనబడిందండీ. లాంచీ రాకముందే."

డాక్టరుగారు వెనక్కి తిరిగి ఆ పిల్ల మొహంలోకి చూశారు. "తట్టలేదేమమ్మా?"

"తడితే మీరు తిప్పేవాళ్ళు."

ఆయన వెంటనే పెట్రోలు పొయ్యమని కేక పెట్టారు. మళ్ళీ లేచాం. ఒడ్డు దాటగానే వాన నన్ను కిందికి అణగదొక్కింది. ముందేమీ కనబడలేదు. రెండుసార్లు చొచ్చుకుపోవడానికి చూసి, రెండోసారి అలలకు చక్రాలు తగిలేంత కిందికి వచ్చేసి, ఆయన నన్ను వెనక్కి తిప్పారు. ఆ తిప్పుతున్నప్పుడు ఆయన ఏడుస్తున్నారు.

నాంచారమ్మ రన్‌వే చివర వానలో నిలబడి ఉంది. మేం ఆగగానే వచ్చి ఊతకడ్డీ పట్టుకుంది.

"ఏడే?"

"కనబడ్డాడమ్మా," అంది భూలక్ష్మి. కిందికి దిగలేదు. "ముందు లాంచీకి దారి చూపిస్తా వేరేవాళ్ళ దగ్గరున్నాం. ఏడుగురున్నారు. నీళ్ళల్లో ఉన్నారమ్మా. అన్న పడవలో ఉన్నాడు."

"ఎవురా ఏడుగురు?"

చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరో చెప్పారు, నక్కలదిబ్బోళ్ళని.

నాంచారమ్మ కేకలు వేయలేదు, గుండెలు బాదుకోలేదు. కూతురి మొహంలోకి చూస్తూ నెమ్మదిగా అంది: "కనబడ్డాడు. కనబడినోణ్ణి ఒదిలేసొచ్చావు." ఊతకడ్డీ మీద నుంచి చేతులు తీసేసి, వానలో పల్లె వైపు నడిచి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున మళ్ళీ వెళ్ళాం, ఆ మర్నాడూ వెళ్ళాం. పడవ లేదు. తర్వాత ఒక రోజు నీలం రంగు చెక్కముక్క ఒకటి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. పాతగట్టువాళ్ళు దానికే కర్మకాండ చేశారు. భూలక్ష్మిని ఇంటి గుమ్మం ఎక్కనివ్వలేదు తల్లి. రహంతుల్లా మాస్టారూ, ఆయన భార్యా తమ ఇంట్లో పెట్టుకున్నారు. చదివించారు. ఆ పిల్ల టీచరు ఉద్యోగం తెచ్చుకుని కోనరేవులోనే ఒక గది తీసుకుంది. పెళ్ళి మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయేది. నాంచారమ్మ బస్టాండు దగ్గర ఎప్పటిలాగే ఎండుచేపల బుట్టతో కూచునేది. కూతురు అటు వస్తే మొహం అటు తిప్పుకునేది. పండక్కి చీర పంపిస్తే తెచ్చినవాడితోనే తిప్పి పంపేది.

తుఫాను వెళ్ళిన కొన్నాళ్ళకు ఆ ఏడుగురూ పెళ్ళాం పిల్లలతో రన్‌వే దగ్గరికి వచ్చారు. నా పంకాకు పూలదండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు. డాక్టరుగారికి దండం పెట్టి, వెనక కూచున్న అమ్మాయి ఎక్కడని అడిగారు. లేదని చెప్పారు. ఆ అమ్మాయి అప్పుడు నా వెనక సీట్లోనే ఉంది. తల మోకాళ్ళ మధ్య పెట్టుకుని, వాళ్ళు వెళ్ళిపోయేదాకా ఊపిరి బిగబట్టుకుని కూచుంది. వాళ్ళ చంటిపిల్ల ఒకతె నా చక్రం పట్టుకుని నిలబడి కేరింతలు కొడుతుంటే చెవులు మూసుకుంది.

ఆదివారాలు మాత్రం మానలేదు. మబ్బులూ, కట్లూ, గాలి దిక్కులూ అన్నీ తనే చెప్పేది. అరవలేనివాడి దగ్గరికి ముందు పోవాలన్న పాఠం వచ్చేసరికి సుద్దముక్క రహంతుల్లా మాస్టారి చేతిలో పెట్టి బయటికి వెళ్ళేది. ఆయన పోయిన తర్వాత ఆ పాఠం కూడా తనే చెప్పాల్సి వచ్చింది. బోర్డు వైపు తిరిగి, పిల్లలకు వీపు పెట్టి చెప్పేది.

అన్న కనబడ్డాడని అందరికీ చెప్పింది గానీ, గుడ్డ ఊపాడని మాత్రం ఎవరికీ చెప్పలేదు. డాక్టరుగారికీ చెప్పలేదు. ఆయన ఊళ్ళో లేనప్పుడు ఒక్కతే వచ్చి నా వెనక సీట్లో కూచుని, కుడివైపు కిటికీలోంచి మిరపకాయల కళ్ళాలను చూస్తూ ఉండేది. ఒక రోజు పైకే అంది: "నువ్వు మమ్మల్ని చూశావురా అన్నా. మేం ఎల్లిపోవడం కూడా చూశావు." అక్కడ నేను తప్ప ఇంకెవరూ లేరు.

తర్వాతి సంగతులు చెప్పడానికి పెద్దగా ఏమీ లేవు. డాక్టరుగారి కళ్ళకు పొరలు వచ్చాయి, లైసెన్సు పోయింది. ఆ తర్వాత ఆయనా పోయారు. తుఫాను కబుర్లు ముందే చెప్పే యంత్రాలు వచ్చాయి. హెలికాప్టర్లు వచ్చాయి. మంచిదే. ఆ రన్‌వే చుట్టూ రొయ్యల చెరువులు తవ్వారు, తర్వాత రన్‌వేనే తవ్వారు. గాలిదళం చివరి మీటింగులో కూడా అధ్యక్షుడెవరన్న దగ్గర కాస్త మాటామాటా వచ్చింది. అది అలవాటు కొద్దీ వచ్చిన తగువు. చివరకు అందరూ కళ్ళు తుడుచుకున్నారు. నా ఇంజను పాలిటెక్నిక్ కాలేజీకి వెళ్ళింది. రెక్కలు ఊడదీసి, ట్రాక్టరు ట్రక్కులో నన్ను ఊళ్ళోకి తెచ్చి ఈ వరండాలో మళ్ళీ అతికించారు. సముద్రం మీద ఎగిరినదాన్ని సంత దారిలో గేదెల వెనకాల వచ్చాను. భూలక్ష్మి ఉద్యోగం నుంచి రిటైరై, ఈ కేంద్రంలో పిల్లలకు నా గురించి చెబుతూ ఉంటుంది. జుట్టు నెరిసింది.

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం. ఎండకు ఎవరూ లేరు. భూలక్ష్మి నా తోక మీద దుమ్ము తుడుస్తోంది. గేటు తీసుకుని ఒక ముసలామె వచ్చింది. కర్ర పోటు వేసుకుంటూ, ప్రతి అడుగుకూ ఆగుతూ వచ్చి తాడు దగ్గర నిలబడింది. నేను పోల్చుకోలేకపోయాను. భూలక్ష్మి చేతిలో గుడ్డ జారిపోయింది.

"అమ్మా!"

నాంచారమ్మ కూతుర్ని చూడలేదు. నన్ను చూసింది, ముక్కు నుంచి తోక దాకా.

"ఇదేనా?"

"ఇదేనమ్మా."

"నువ్వు యాడ కూచున్నావు ఆ రోజు?"

"ఎనక. అదుగో, అక్కడ."

"నన్నెక్కించు."

భూలక్ష్మి తాడు తీసింది. తల్లిని చంటిపిల్లను ఎత్తినట్టు ఎత్తి వెనక సీట్లో కూచోబెట్టింది. ఆ మనిషిలో బరువే లేదు. నాంచారమ్మ సీటు అంచులు తడిమి చూసుకుంది. కిటికీ లోంచి బయటకు చూసింది. అక్కడ వరండా గోడా, గోడ మీద గ్రహాల బొమ్మా తప్ప ఇంకేమీ లేవు. ఆమె మాత్రం చాలాసేపు చూసింది.

"ఎటేపు కనబడ్డాడు?"

"కుడిచేతి పక్కమ్మా. నువ్వు చూసే పక్కే."

"బాగా దూరమా?"

"దూరమే. మన గట్టు మీంచి దీపస్తంభం ఉన్నంత."

నాంచారమ్మ తల ఊపింది. కర్ర ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంది. అడగాలని వచ్చిన మాట అప్పుడు అడిగింది.

"ఆడికి మీరు కనబడ్డారా?"

భూలక్ష్మి నా తలుపు పట్టుకుని నిలబడి ఉంది. అబద్ధం చెబుతుందేమో అనుకున్నాను. ఇన్నేళ్ళూ దాచుకున్నది ఈ మిగిలిన కొద్దిరోజులూ దాచుకోలేదా అనుకున్నాను.

"కనబడ్డామమ్మా," అంది చివరకు. "తలగుడ్డ ఊపాడు. లేచి నిలబడి ఊపాడు. నేను చూశాను. చూసి కూడా తిప్పమన్లేదు." తల వంచుకుంది, తల్లి ఒళ్ళోని కర్ర తన వీపు మీద పడుతుందేమోనన్నట్టు.

"లేచి నిలబడ్డాడా?"

"నిలబడ్డాడమ్మా."

"నిలబడ్డాడంటే ఒంట్లో బాగానే ఉండాడు."

"బాగానే ఉన్నాడు."

నాంచారమ్మ మళ్ళీ కుడివైపు తిరిగింది. ముడతల్లో కళ్ళ నీళ్ళు నిలిచిపోయాయి, కిందికి జారడం లేదు.

"నీళ్ళల్లో ఆడొక్కడే పోయాడనుకున్నానే ఇన్నేళ్ళూ," అంది. "ఎవరూ రాలేదు, ఎవరూ చూళ్ళేదు, దిక్కులేని పక్షిలాగా పోయాడనుకున్నా. నువ్వు కనబడ్డాడన్నావు గానీ, ఆడికి నువ్వు కనబడ్డావని చెప్పలా. పచ్చగా ఎగరతా ఉంటే ఆడికి తెలవదా అది నువ్వేనని? చెల్లెలొచ్చిందిలే అనుకునుంటాడు."

భూలక్ష్మి నా చక్రం పక్కన నేల మీద కూలబడిపోయింది. మోకాళ్ళ మీద మొహం పెట్టుకుని ఏడ్చింది. ఆ తుఫాను రోజున కూడా ఆ పిల్ల అలా ఏడవగా నేను చూడలేదు. తల్లి ఊరుకోమని అనలేదు. దగ్గరికి తీసుకోలేదు కూడా, అందుకు ఆమె చెయ్యి కిందిదాకా అందదు. పైన కూచుని, కిటికీ చట్రం మీద చెయ్యి పెట్టుకుని, గోడ వైపే చూస్తూ ఉండిపోయింది.

ఎండ వాలింది. గేటు వేయడానికి వచ్చిన కాపలాదారు తాడు లోపల ముసలామెను చూసి ఏదో అనబోయి, భూలక్ష్మిని చూసి ఆగిపోయాడు. భూలక్ష్మి లేచి మొహం తుడుచుకుంది.

"దింపనా అమ్మా?"

"ఇంకాసేపు కూచుంటా," అంది నాంచారమ్మ.